ఒకే ఊరు, పలు సంస్కృతులు: నల్లగొండ, పాలమూరు ప్రాంతాల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

సర్పంచులు, వార్డు సభ్యులు, బడి పంతుళ్లు, పండుగ కమిటీల వాళ్లు, మిల్లులు, ఇటుక బట్టీలు నడిపేవాళ్లు, వేరే కులంలోనో మతంలోనో పెళ్లి చేసుకోవాలనుకునే జంటలు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. ఉపన్యాసాలకు పనికొచ్చే మాటలు తగ్గించి, చేయగలిగిన పనులు, చెడిపోయే చోట్లు చెప్పాం.

సాంస్కృతిక వైవిధ్యం, అంతర్ సాంస్కృతికత ఒకటేనా?

ఒకటి కాదు. మిర్యాలగూడలో తెలుగు, ఉర్దూ మాట్లాడే కుటుంబాలు, లంబాడీలు, రైస్ మిల్లుల్లో బిహార్ హమాలీలు ఉన్నారు. అది వైవిధ్యం. ఎవరూ పూనుకోకపోయినా దానంతటదే ఏర్పడుతుంది. వీళ్లంతా ఒకరితో ఒకరు సరిసమానంగా మాట్లాడుకుని, ఇచ్చిపుచ్చుకుని, ఇద్దరిదీ అయిన కొత్తదాన్ని పుట్టించగలిగితే అది అంతర్ సాంస్కృతికత. సాంస్కృతిక వ్యక్తీకరణల వైవిధ్యంపై 2005లో యునెస్కో చేసిన ఒప్పందం 4వ అధికరణంలో దాదాపు ఇదే నిర్వచనం ఇచ్చింది. భారత్ 2006లో అందులో చేరింది. మన రాజ్యాంగం 29వ అధికరణం ఎవరి భాష, లిపి, సంస్కృతి వాళ్లు కాపాడుకునే హక్కు ఇస్తే, 51ఎ(ఎఫ్) దేశపు మిశ్రమ సంస్కృతిని కాపాడే బాధ్యత పౌరులందరి మీదా పెట్టింది.

మీ ఊరు ఎక్కడుందో తెలియాలంటే మూడు సంగతులు చూడండి. గ్రామసభలో తండావాళ్లు కూర్చుంటున్నారా, మాట్లాడుతున్నారా? చందాలు, పంచాయతీ లైట్లు, నీళ్ల ట్యాంకరు ఎవరి పండుగకు వెళ్తున్నాయి, ఎవరి పండుగకు వెళ్లడం లేదు? గొడవైతే ముందు ఎవరి మాట వింటున్నారు? ఈ మూడింటికీ జవాబు ఒకే వర్గమైతే, ఎన్ని ఐక్యతా ర్యాలీలు తీసినా ఊరు మారనట్టే.

ఇదంతా మన దగ్గరికి ఈమధ్య వచ్చిందేనా?

కాదు. కృష్ణ ఒడ్డున విజయపురి నుంచి ఇక్ష్వాకులు ఏలిన 3, 4 శతాబ్దాల్లో రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యం కట్టించింది. ఒకే ఇంట్లో రెండు దారులన్నమాట. సింహళం నుంచి వచ్చే భిక్షువులకు అక్కడ విడిగా విహారమే ఉండేది. ఆ లోయ నాగార్జునసాగర్ నీళ్లలో మునిగింది, కొన్ని కట్టడాలను మాత్రం తరలించి కొండ మీద తిరిగి నిలబెట్టారు. కొలనుపాకలో జైనుల గుడి, వీరశైవులు రేణుకాచార్యుడి జన్మస్థలంగా కొలిచే సోమేశ్వరాలయం ఒకే ఊళ్లో ఉన్నాయి. అలంపురంలో బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలకు దగ్గరలోనే దర్గా ఉంది. నారాయణపేట జిల్లా సరిహద్దు మండలాల్లో ఇంట్లో కన్నడం, అంగట్లో తెలుగు మాట్లాడటం ఎవరికీ వింత కాదు.

పరాయి ఊళ్లో బతకడమూ మనకు కొత్త కాదు. నల్లగొండ చేనేతవాళ్లు భీవండి, షోలాపూర్ వెళ్లారు. పాలమూరు కూలీలు, కూలీలను కూడగట్టి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ వెంట ఆనకట్టలు, రోడ్లు, బొంబాయి భవనాలు కట్టడానికి దేశమంతా తిరిగారు. అక్కడ అద్దె ఇల్లు దొరకడానికి, రేషన్ బియ్యానికి, దవాఖానలో మాట అర్థంకావడానికి వాళ్లు పడ్డ పాట్లే ఇవాళ ఇక్కడ బిహార్, ఒడిశా కూలీలు పడుతున్నారు. ఊళ్లో అలా వెళ్లొచ్చిన పెద్దమనిషి ఉంటే, వలస కూలీల విషయంలో మొదట సలహా అడగాల్సింది ఆయన్నే.

ఉర్సులకు, పీర్ల పండుగకు అన్ని కులాలూ వెళ్తున్నాయి కదా. ఇంకేం కావాలి?

ఆ ఆచారాల్లో నేర్చుకోవాల్సింది చాలా ఉంది. వాటికి గీత ఎక్కడ పడుతుందో కూడా తెలిసి ఉండాలి.

పాలకవీడు మండలం జాన్‌పహాడ్ దర్గా ఉర్సు జనవరిలో జరుగుతుంది. వచ్చేవాళ్లలో హిందువులే చాలామంది. మొక్కు తీరితే యాటను తెచ్చి, హలాల్ చేయించి, అక్కడే వండి, పదిమందికీ పెట్టి, తిని పోతారు. దీన్నే కందూరు అంటారు. నల్లగొండ, సూర్యాపేట వైపు హిందూ ఇళ్లలో సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అన్న పేర్లు ఇన్ని ఉన్నాయంటే ఆ దర్గా మొక్కే కారణం. కొత్తూరు దగ్గర ఇన్ముల్‌నర్వ జహంగీర్ పీర్ దర్గా చుట్టూ జంగయ్య, జహంగీర్ పేర్లూ అలాగే వచ్చాయి. ముస్లిం ఇళ్లు రెండో మూడో ఉన్న పల్లెల్లో కూడా పీర్ల కొట్టం ఉంటుంది, పీర్లను ఎత్తుకునేది రైతు బిడ్డలే.

ఇది ఇన్ని తరాలు నిలవడానికి ఒక కారణం పని పంపకం. గుండం తవ్వేది ఒకరు, కట్టెలు తెచ్చేది ఒకరు, డప్పు కొట్టేది ఒకరు, పీరు ఎత్తేది ఒకరు, షర్బత్ కలిపేది ఒకరు. చూడ్డానికి వచ్చినవాడంటూ ఎవడూ ఉండడు. కొత్తగా ఏ కార్యక్రమం పెట్టినా ఈ కిటుకు పనికొస్తుంది. ఆహ్వానపత్రం పంపడం కంటే పని అప్పగించడం మేలు.

ఇక గీత సంగతి. పీరు ముందు కుడుకల దండ వేసినవాడే మర్నాడు ముస్లిం కుటుంబానికి ఇల్లు అద్దెకివ్వనంటాడు. కందూరులో పొయ్యిలు కులాలవారీగానే వెలుగుతాయి. డప్పు ఎవరు కొట్టాలన్న ప్రశ్న ఎవరూ అడగరు, అడగకుండానే తేలిపోయి ఉంటుంది. చిన్నచింతకుంట మండలం కురుమూర్తి జాతరలో స్వామికి ఉద్దాలు చేసేది వడ్డెమాన్ దళిత కుటుంబాలు. ఆ చెప్పులను జనం తలకు తాకించుకుంటారు. చేసిన చేతులకు మిగిలిన రోజుల్లో ఏం దక్కుతోందో జాతర చెప్పదు.

ఇంకోటి. పీర్ల పండుగ ఇస్లాంకు సరిపడదని కొన్ని ముస్లిం కుటుంబాలు దూరం జరుగుతున్నాయి. అటువైపు పోవద్దని హిందూ కుర్రాళ్లకు చెప్పేవాళ్లూ ఉన్నారు. రానివాళ్లను బలవంతపెట్టొద్దు, ఎత్తిపొడవొద్దు. ఏటా పిలుస్తూనే ఉండండి. ఎవరి మతం ఎలా ఉండాలో ఊరి కమిటీ తేల్చబోతే గొడవ అక్కడే మొదలవుతుంది.

రెండు మతాల పండుగలు ఒకే రోజుల్లో పడుతున్నాయి. ముందే ఎలా తెలుస్తుంది, ఏం చేయాలి?

హిజ్రీ సంవత్సరానికి 354 లేదా 355 రోజులు. అందుకే ముస్లిం పండుగలు ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతూ, 33 ఏళ్లకు కాస్త అటూ ఇటుగా కాలచక్రమంతా తిరిగొస్తాయి. పంచాంగం అధిక మాసంతో సర్దుకుంటుంది కాబట్టి మన పండుగలు ఆ రుతువులోనే ఉంటాయి. ఈ లెక్కన ఢీకొనే ఏళ్లు వరుసగా రెండు మూడు వస్తాయి. 2018, 2019, 2020లో వినాయక నవరాత్రుల్లోనే మొహర్రం పడింది. 2023లో నిమజ్జనం, మిలాద్ (ప్రవక్త జయంతి) రెండూ సెప్టెంబర్ 28నే వచ్చాయి. హైదరాబాద్‌లో ముస్లిం పెద్దలు ఊరేగింపును అక్టోబర్ 1కి మార్చుకున్నారు. 2024లోనూ సెప్టెంబర్ 19కి జరిపారు. 2027లో శివరాత్రి రంజాన్ నెలలో పడుతుంది. అంటే ఒకే రాత్రి గుడిలో జాగారం, మసీదులో తరావీ నమాజు.

నెల రోజుల ముందే కూర్చోండి. ముస్లిం తేదీ నెలవంకను బట్టి ఒక రోజు మారొచ్చు కాబట్టి రెండు తేదీలకూ ఏర్పాటు రాసుకోండి. కాగితం మీద ఊరి దారులు గీసి, ఊరేగింపులు దాటుకునే కూడళ్లు గుర్తు పెట్టండి. ఒక ఊరేగింపు వెళ్లాక రెండోది బయల్దేరడానికి కనీసం రెండు గంటలు ఎడం ఉంచండి. చెప్పిన వేళకు ఏ ఊరేగింపూ కదలదు, అందుకే ఆ ఎడం. ఊరేగింపు ఆగకూడని చోట్ల జాబితా విడిగా రాయండి. మసీదు, గుడి, చర్చి, పీర్ల కొట్టం, ఎదుటి వర్గం గల్లీ మొదలు. గొడవలు నడుస్తున్న ఊరేగింపులో కాదు, ఆగి డాన్సు చేస్తున్నప్పుడు మొదలవుతాయి. ఏ పాట పెట్టాలో, ఏది పెట్టొద్దో కూడా అప్పుడే తేల్చాలి.

ఎక్కువసార్లు ఇది ఎందుకు చెడుతుందంటే, పెద్దలు ఒప్పుకుంటారు, డీజే కుర్రాడు ఆ మీటింగులో ఉండడు. కమిటీలో పదిమంది ఉంటే నలుగురు పాతికేళ్ల లోపు వాళ్లుండాలి. డీజే బండి అద్దెకిచ్చినవాడు, గులాల్ చల్లే జట్టు నాయకుడు సంతకం పెట్టాలి. రాసినదాని నకలు పోలీస్ స్టేషన్లో ఇవ్వండి.

మైకుకు చట్టం స్పష్టంగా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ఏడాదికి 15 రోజులకు మించకుండా, అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. గుడికి, మసీదుకు, డీజేకు ఒకే హద్దు. ఒకరి మీదే ఫిర్యాదు చేసి ఇంకొకరి దగ్గర చెవులు మూసుకుంటే నిబంధనకు విలువుండదు.

అందరూ కలిసి తినే దావత్ పెట్టాలి. వంట ఎలా?

వంద మంది పెద్దలకు బియ్యం 12 నుంచి 13 కిలోలు, కందిపప్పు 3 కిలోలు, మాంసం 12 నుంచి 15 కిలోలు సరిపోతాయి. శాకాహారులు పదిమందే ఉన్నారనుకున్నా పాతిక మందికి సరిపడా పప్పు, కూర చేయండి. మాంసం తినేవాళ్లూ వడ్డించుకుంటారు, చివరికి శాకాహారులకే తక్కువవుతుంది.

మాంసం హలాల్ అయితే ఎక్కువమంది తినగలుగుతారు. మన పల్లెల్లో పెళ్లిళ్లకు యాటను కోయడానికి ముల్లాను పిలిచే అలవాటు ఇందుకే. శాకాహారానికి పొయ్యి, గంజు, గరిటె అన్నీ వేరు. గరిటె దగ్గరే తప్పు జరుగుతుంది, వడ్డించే హడావిడిలో మాంసం గరిటె పప్పులో పడుతుంది. గరిటె కాడకు రంగు దారం కట్టండి, శాకాహార వరుసను ముందు కూర్చోబెట్టండి. జైనులను పిలిస్తే ఉల్లి, వెల్లుల్లి, దుంపలు లేని వంటకం ఒకటైనా ఉండాలి, పొద్దుగూకకముందే పెట్టాలి. రంజాన్ నెలలో మధ్యాహ్నం దావత్ పెట్టొద్దు. శుక్రవారం మధ్యాహ్నం 1 నుంచి 2, ఆదివారం ఉదయం చర్చి వేళ వదిలేయండి. సోమ, శనివారాలు నీసు ముట్టని ఇళ్లు చాలా ఉంటాయి. బుధవారం సాయంత్రం మాకు తెలిసి అన్నిటికంటే చిక్కులేనిది.

పెద్దకూర, పందికూర ఉమ్మడి వంటలో పెట్టకపోవడం సర్దుబాటు. వాటిని ఇంట్లో తినేవాళ్లను తక్కువ చేసి మాట్లాడటం సర్దుబాటు కిందికి రాదు.

వండేది, వడ్డించేది ఎవరన్నది పప్పు ఉప్పుల కంటే పెద్ద ప్రశ్న. దళిత మహిళలు వండినదాన్ని ఊరంతా కూర్చుని తింటే ఆ దావత్‌కు అర్థముంది. వాళ్లకు గిన్నెలు తోమే పని ఇచ్చి, వంట వేరేవాళ్లతో చేయించి, సహపంక్తి భోజనం అని ఫొటో దిగితే లేదు.

కులాల ఆచారాలు కూడా సాంస్కృతిక వైవిధ్యమే కదా, వాటిని ఎందుకు తప్పుపడతారు?

ఒక కులం పాట, వంట, దేవత, కథ, నేత, డప్పు వైవిధ్యం. ఫలానావాడు నా బావిలో తోడొద్దు, నా గుడి మెట్టెక్కొద్దు అనడం నేరం. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం శిక్షలు పెట్టింది. సంస్కృతి పేరు చెప్పి రెండోదాన్ని మొదటిదాంట్లో కలిపేయడం పాత ఎత్తుగడ.

ప్రతి నెలా 30న తహసీల్దారు, పోలీసు అధికారులు ఒక ఊరికి వెళ్లి పౌర హక్కుల దినం జరపాలి. మీ మండలంలో ఈ నెల ఏ ఊరో తహసీల్దార్ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. ఇది చాలాచోట్ల రిజిస్టరులో సంతకాలతో ముగుస్తుంది. కాగితం కప్పులో చాయ్ పోసి, దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి లేదని రాసుకుపోతారు. వాడి పారేసే కప్పు వచ్చాక ఆ వివక్ష కనిపించకుండా పోయిందే తప్ప ఇంకా ఉందో లేదో కప్పును బట్టి తెలియదు. క్షౌరశాల, గుడి గర్భగుడి ముందు వరుస, ఫంక్షన్ హాల్ అద్దె, బొడ్రాయి పండుగ చందా వసూలు చూడండి. చందా తీసుకోకపోవడం కూడా వెలివేతే. మీరు ఇవ్వనక్కర్లేదులే అని మెత్తగానే చెప్తారు.

ఫిర్యాదుకు 14566కు ఫోన్ చేయొచ్చు. కేసు దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి, అభియోగపత్రం 60 రోజుల్లో వేయాలి.

తండా పిల్లలు ఒకటో తరగతిలో నోరు విప్పరు. ఏం చేయాలి?

చదువు రాక కాదు, భాష అందక. లంబాడీ పిల్లల ఇంటి భాష గోర్‌బోలి ఇండో ఆర్య కుటుంబానిది. తెలుగుతో దానికి పుట్టు చుట్టరికం లేదు. ఆ పాపకు బడి తెలుగు పూర్తిగా కొత్త భాష. పైగా పుస్తకంలో తెలుగు వేరు, ఊళ్లో వినే తెలుగు వేరు. అంటే ఆరేళ్ల పిల్ల మీద ఒకేసారి రెండు తెలుగులు పడతాయి.

మొదటి రెండు నెలలు చదవడం, రాయడం ఆపి మాట మీద ఉండండి. పాణీ, బాటి, యాడీ, ఘర్ లాంటి యాభై అరవై ఇంటి మాటలు పంతులే నేర్చుకుని, తెలుగు లిపిలో చార్టు రాసి గోడకు పెట్టాలి. చార్టు రాయించాల్సింది తండా తల్లులతో, అప్పుడే ఉచ్చారణ సరిగ్గా వస్తుంది. లంబాడీ పిల్ల పక్కన తెలుగు పిల్లను జతగా కూర్చోబెట్టండి, ఇద్దరు లంబాడీ పిల్లలను పూర్తిగా విడదీయకండి. గోర్‌బోలిలో జవాబు చెప్పినా లెక్కల్లో మార్కు ఇవ్వండి. అక్కడ పరీక్షిస్తున్నది లెక్కను. తెలుగు మాటలు కలగలిసి రావడానికి ఒక ఏడాది పడుతుంది, మొదటి పరీక్షకే తేల్చేయొద్దు.

ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సదుపాయం కల్పించాలని 350ఎ అధికరణం, కనీసం 5వ తరగతి దాకా వీలైనంతవరకు ఇంటి భాష వాడాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్తున్నాయి. తరగతిలో గోర్‌బోలి మాట్లాడితే జరిమానా, బెంచీ ఎక్కించడం ఈ రెండింటికీ విరుద్ధం. లంబాడీ ఆడపిల్లల పండుగ తీజ్ తొమ్మిది రోజుల్లో, వాళ్ల గురువు సేవాలాల్ జయంతి ఫిబ్రవరి 15న హాజరు తగ్గుతుందని తెలిసినప్పుడు పరీక్ష తేదీ ముందే జరిపేస్తే సరిపోతుంది.

మే 21న బడిలోనో కాలేజీలోనో సాంస్కృతిక వైవిధ్య దినం పెట్టాలనుకుంటున్నాం.

దయచేసి ఫ్యాన్సీ డ్రెస్ పోటీ పెట్టొద్దు. అద్దాల ఘాగ్రా వేసిన అమ్మాయికి మొదటి బహుమతి వచ్చి, ఆ ఘాగ్రా కుట్టే అవ్వ గేటు బయట నిలబడి ఉంటే ఆ రోజు దండగ. పైగా మే 21 నాటికి బడులకు సెలవులు, ఆ తేదీ కాలేజీలకే కుదురుతుంది. బడులు శ్రావణంలో తీజ్‌కు కలిపి పెట్టుకోవచ్చు. బుట్టల్లో గోధుమ మొలకలు పెంచే తండా ఆడపిల్లలనే పిలిచి, ఎలా నానబెట్టాలో, నీళ్లు ఎన్నిసార్లు పోయాలో నేర్పించమనండి. పోచంపల్లి వైపు బడులైతే నేత కార్మికుడిని పిలిచి చిటికీ కట్టడం (రంగు అంటకుండా నూలుకు ముడులు వేయడం) చేయించండి. వచ్చినవాళ్లకు ఆ రోజు కూలీ ఇవ్వాలి. శాలువా కూలీ కాదు.

మా మిల్లులో, బట్టీలో వేరే రాష్ట్రాల కూలీలు ఉన్నారు. యజమానిగా, ఊరిగా మా పని ఏమిటి?

ముందు మాట సంగతి. కూలీలను తెచ్చిన మేస్త్రీనే దుబాసీగా పెట్టుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. కూలీ చెప్పిన బాధ యజమానికి చేరేసరికి సగమవుతుంది, యజమాని చెప్పిన రేటు కూలీకి చేరేసరికి తరుగుతుంది. మేస్త్రీకి రెండువైపులా కమీషన్ ఉంటుంది మరి. కూలీల్లోంచే ఒక మగ, ఒక ఆడ మనిషిని వాళ్లే ఎన్నుకోమనండి. కూలీ రేటు, తీసుకున్న అడ్వాన్సు, కోత పెట్టినది వాళ్ల లిపిలోనే రాసిన చీటీ ప్రతి వారం ఇవ్వండి. బిహారీలకు హిందీ, ఒడిశాలోని బలాంగీర్, నువాపడ వాళ్లకు ఒడియా. యంత్రాల దగ్గర హెచ్చరిక బొమ్మలతో ఉండాలి, చదువురాని వాళ్లు ఎక్కువ.

అడ్వాన్సు తీరేదాకా కదలొద్దని ఆపితే అది 1976 చట్టం ప్రకారం వెట్టి చాకిరీ. ఫిర్యాదు ఆర్డీఓకు లేదా కలెక్టర్‌కు.

రేషన్: ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద సొంత రాష్ట్రం కార్డు మీదే ఇక్కడి చౌకధరల దుకాణంలో బియ్యం తీసుకోవచ్చు. కుటుంబంలో కొందరు అక్కడ, కొందరు ఇక్కడ తమ వాటా తీసుకోవచ్చు. కార్డు పట్టుకురానక్కర్లేదు, నంబరు, ఆధార్ చాలు. ఇక్కడ ఆగిపోయేది వేలిముద్ర దగ్గర. ఇటుక మట్టిలో పనిచేసే చేతుల గీతలు అరిగిపోతాయి. చేతులు కడిగించి, తుడిచి, వేరే వేళ్లు ప్రయత్నించండి. పేరు ఆధార్‌తో జతకాకపోతే మాత్రం సరిచేయాల్సింది సొంత ఊళ్లోనే, ఇక్కడి డీలర్‌తో కొట్లాడి లాభం లేదు.

పిల్లలు: బట్టీలు చలికాలం మొదట్లో మొదలై వానలకు ముందు ముగుస్తాయి, బడి ఏడాది జూన్‌లో మొదలవుతుంది. ఈ రెండూ కలవవు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఏడాది మధ్యలో వచ్చినా, టీసీ లేకపోయినా చేర్చుకోవాలి. ఒడియా వచ్చిన టీచరు, ఒడియా పుస్తకాలు ఉంటే పిల్ల తిరిగి వెళ్లాక తన తరగతిలో కూర్చోగలుగుతుంది. తెలుగు మాత్రమే నేర్పి పంపితే అక్కడ మళ్లీ మొదటికొస్తుంది. వెళ్లేటప్పుడు హాజరు కాగితం చేతికివ్వండి. అంగన్‌వాడీలో గుడ్డు, పాలు, గర్భిణీల పోషకాహారం వలస కుటుంబాలకూ హక్కే.

అందరూ తెలుగు నేర్చుకుంటే సమస్య తీరదా?

కొంత తీరుతుంది. ఇక్కడ బతికేవాళ్లకు తెలుగు వస్తే దుకాణంలో, బస్సులో, దవాఖానలో మోసపోరు. అయితే ఆరు నెలలుండి పోయే బట్టీ కూలీ తెలుగు నేర్చుకునేదాకా అతని కూలీ లెక్క ఆగదు. కార్యాలయాల్లో ఉర్దూ సంగతి వేరే. 2017 సవరణతో అది తెలంగాణ మొత్తానికీ రెండో అధికార భాష, అంతకుముందు అన్ని జిల్లాలకూ ఉండేది కాదు. ఉర్దూలో రాసిన అర్జీని తెలుగులో రాసుకురా అని తిప్పి పంపకూడదు.

కర్ణాటక లంబాడీ సంబంధం చేసుకున్నాం. కోడలికి ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ వస్తుందా?

రాదు. లంబాడీలు తెలంగాణలో ఎస్టీ, కర్ణాటకలో ఎస్సీ, మహారాష్ట్రలో విముక్త జాతి. హోదా పుట్టిన రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, పెళ్లితో మారదు. పిల్లలకు తండ్రిది వర్తిస్తుంది, తండ్రి సర్టిఫికెట్ మీద ఇక్కడే దరఖాస్తు చేసుకోండి. నారాయణపేట, గద్వాల వైపు ఇది తెలియక ఉద్యోగ దరఖాస్తులు తిరస్కరణకు గురవుతుంటాయి.

వేరే కులం, వేరే మతం పెళ్లికి చట్టప్రకారం ఏం చేయాలి?

ఇద్దరూ హిందువులై కులం మాత్రమే వేరైతే 1955 హిందూ వివాహ చట్టం చాలు, ముందస్తు నోటీసు అక్కర్లేదు. చాలా జంటలు ఇది తెలియక 30 రోజులు భయంతో ఎదురుచూస్తాయి. మతాలు వేరై, ఎవరూ మారదలచుకోకపోతే 1954 ప్రత్యేక వివాహ చట్టం. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి, మన దగ్గర ఆ అధికారి సబ్ రిజిస్ట్రారే. నోటీసు బోర్డు మీద పెడతారు. 30 రోజుల్లో చట్టబద్ధమైన అభ్యంతరం రాకపోతే పెళ్లి చేస్తారు. ముగ్గురు సాక్షులు కావాలి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో పెళ్లి కాకపోతే మళ్లీ నోటీసు ఇవ్వాలి. అమ్మానాన్నలకు ఇష్టం లేదన్నది చట్టం గుర్తించే అభ్యంతరం కాదు. మతాంతర వివాహమైతే ఆస్తి వారసత్వానికి 1925 భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. ఇది ముందే తెలుసుకుని ఉండండి.

నోటీసు బోర్డెక్కిన రోజు నుంచే ప్రమాదం మొదలవుతుంది. 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో పట్టపగలు జరిగిన పరువు హత్యలో నల్లగొండ కోర్టు 2025 మార్చిలో ఒకరికి మరణశిక్ష, మిగిలినవారికి యావజ్జీవం వేసింది. అదే 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఇలాంటి జంటలకు ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం ఉండాలని, అవసరమైతే రక్షిత నివాసం చూపాలని ఆదేశించింది. బెదిరింపు వస్తే ఊరి పెద్దల దగ్గరికి కాకుండా నేరుగా ఎస్పీ కార్యాలయానికి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు నకలు తీసుకోండి. పిలిపించి రాజీ చేస్తామన్నచోటికి ఒంటరిగా వెళ్లొద్దు.

నల్లమల చెంచు పెంటలకు వెళ్లి చూడాలని ఉంది.

చెంచులు కేంద్రం గుర్తించిన ప్రత్యేక దుర్బల గిరిజన సమూహం. వాళ్ల పెంటలు, అంటే అడవిలోని చిన్న గూడేలు, చాలావరకు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఉన్నాయి, అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. అనుమతి ఉన్నా వాళ్లు పిలవనిదే ఇళ్ల మధ్య తిరగడం, పిల్లలకు బిస్కెట్లు పంచి ఫొటోలు తీయడం మానండి. సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమికి కొద్ది రోజులే. అక్కడ పూజ చెంచుల చేతిలో ఉంటుంది. మీరు మోసుకెళ్లిన ప్లాస్టిక్ మీరే తిరిగి తెచ్చుకోండి. తేనె కొనాలనుకుంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి.

పిల్లలను ఎత్తుకుపోయే ముఠా వచ్చిందని గ్రూపులో వీడియో తిరుగుతోంది. కొత్త మనిషి కనిపిస్తే ఏం చేయాలి?

2018 మే నెలలో ఇలాంటి వాట్సాప్ పుకార్లతోనే తెలంగాణలో బిచ్చగాళ్ల మీద, ట్రాన్స్‌జెండర్ల మీద, పొరుగూరి మనుషుల మీద దాడులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. భాష రానివాడు తడబడతాడు, తడబాటును దొంగతనానికి గుర్తుగా తీసుకుంటారు.

చేయాల్సింది ఇది. మనిషి చుట్టూ గుంపు చేరకముందే పంచాయతీ ఆఫీసులోనో బడిలోనో కూర్చోబెట్టి తలుపు దగ్గర ఇద్దరు నిలబడండి. 112కు ఫోన్ చేయండి. హిందీయో ఒడియానో వచ్చిన మనిషితో ఫోన్‌లో మాట్లాడించండి. పక్క మిల్లులో, బట్టీలో అడిగితే పది నిమిషాల్లో దొరుకుతారు. ఆ నంబర్లు నాలుగు ముందే పంచాయతీ గోడ మీద రాసి పెట్టుకోవాలి. వీడియో తీసి గ్రూపులో పెట్టొద్దు, పెట్టిన వెంటనే పక్క ఊరి నుంచి బైకులు బయల్దేరతాయి. విషయం తేలాక మాత్రం పుకారు వచ్చిన గ్రూపుల్లోనే, పుకారు పంపినవాడి చేతే సవరణ పెట్టించండి. సర్పంచ్ ఒక్కడు వేరే గ్రూపులో పెట్టిన ఖండన ఎవరూ చదవరు.